ఆర్మీకి వెళ్తానేమో అని ఆఫీసులో ఎప్పుడు చెప్పాలి?

ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూనే సైన్యంలో ఆఫీసర్ ఎంట్రీకి అప్లై చేసే పిల్లలు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. ఎస్‌ఎస్‌బీకి, అంటే సర్వీస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకి, ఎలా తయారవ్వాలో చెప్పడానికి వాళ్లకి సీనియర్లు దొరుకుతారు, కోచింగ్ సెంటర్లు దొరుకుతాయి. మేనేజర్‌కి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్న దగ్గర మాత్రం ఒక్కళ్లే మథనపడుతుంటారు. నేను హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను కాబట్టి ఈ మథనాన్ని టేబుల్‌కి ఇటువైపు నుంచి చూస్తుంటాను. తొందరపడి చెప్పి మంచి ప్రాజెక్టు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. చెప్పాల్సినప్పుడు చెప్పక, రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి సక్రమంగా తప్పుకున్నట్టు కంపెనీ ఇచ్చే కాగితం) లేకుండానే శిక్షణ అకాడమీకి బయల్దేరినవాళ్లూ ఉన్నారు.

చుట్టుపక్కల వినిపించే సలహాలు రెండే. "జాయినింగ్ లెటర్ చేతిలో పడేదాకా నోరు మెదపకు" అనేది ఒకటి. "దేశం కోసం వెళ్తున్నావు, దాచడమెందుకు, మొదటి రోజే చెప్పెయ్" అనేది రెండోది. రెండూ పూర్తిగా పనికిరావు. ఎందుకంటే "వెళ్తానేమో" అన్న ఆ ఒక్క మాట వెనక ఏడాది పొడవునా సాగే నాలుగైదు దశలు ఉంటాయి. ఒక్కో దశలో వెళ్లే అవకాశం ఒక్కోలా ఉంటుంది. దాన్ని బట్టే ఆఫీసులో ఎవరికి ఎంత చెప్పాలన్నది కూడా మారుతుంది.

బీటెక్ చదివి మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పాతికేళ్ల అబ్బాయిని తీసుకుందాం. సైన్యంలో ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే సీడీఎస్ పరీక్షకి ఆ వయసులో తలుపులు దాదాపు మూసుకుపోతుంటాయి. ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల పరీక్ష ఏఎఫ్‌క్యాట్‌లో గ్రౌండ్ డ్యూటీ (విమానం నడపని) బ్రాంచిలకి 26 ఏళ్ల దాకా వీలుంది. ఇంజనీర్లకి ఎక్కువగా పనికొచ్చేది ఆర్మీ షార్ట్ సర్వీస్ కమిషన్ టెక్నికల్ ఎంట్రీ, అంటే కొన్నేళ్ల సర్వీసుకి ఆఫీసర్లుగా తీసుకునే పద్ధతి. దానికి 20 నుంచి 27 ఏళ్ల వాళ్లు అప్లై చేయొచ్చు. రాతపరీక్ష ఉండదు, ఇంజనీరింగ్ మార్కుల కటాఫ్ చూసి నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. కోర్సులు ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మొదలవుతాయి. అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి అకాడమీ గేటు దాటే రోజుకి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది.

అప్లికేషన్ పెట్టడం ఆఫీసులో ఎవరికీ చెప్పాల్సిన విషయం కాదు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అది ఇంకో కంపెనీకి రెజ్యూమే పంపడం లాంటిదే. ఆ దశలో ఉన్నవాళ్లలో చివరిదాకా వెళ్లేది కొద్దిమందే. మీరు ఆ కొద్దిమందిలో ఉన్నారో లేదో మీకే తెలియనప్పుడు మేనేజర్‌కి చెప్తే ఆయన ఆ మాటతో ఏం చేయగలడు? ఏమీ చేయలేడు, గుర్తుపెట్టుకోవడం తప్ప. అప్రైజల్ రోజున ఆ గుర్తే అడ్డం వస్తుంది.

అసలు చిక్కు ఎస్‌ఎస్‌బీ కాల్ లెటర్‌తో మొదలవుతుంది. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది, తిరుమలగిరిలో ఆర్మీ ఇంజనీరింగ్ కాలేజీ ఎంసీఈఎంఈ ఉంది, గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ ఉంది. ఇన్ని ఉన్న నగరంలో సెలక్షన్ బోర్డు మాత్రం లేదు. ఆర్మీ అభ్యర్థి ప్రయాగ్‌రాజ్‌కో, భోపాల్‌కో, బెంగళూరుకో, కపుర్తలాకో వెళ్లాల్సిందే. ఇంటర్వ్యూ ఐదు రోజులు. మొదటి రోజు స్క్రీనింగ్‌లో నిలబడనివాళ్లు ఆ సాయంత్రమే తిరుగు రైలెక్కుతారు. నిలబడితే సైకాలజీ పరీక్షలు, గ్రౌండ్ టాస్కులు, ఇంటర్వ్యూ, చివరి రోజు కాన్ఫరెన్స్. ఆ తర్వాత అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి రికమెండ్ అయినవాళ్ల, అంటే బోర్డు ఎంపిక చేసినవాళ్ల, చెస్ట్ నంబర్లు (ఛాతీ మీద కట్టుకునే నంబర్లు) చదువుతారు. నంబర్ రానివాళ్లు స్టేషన్‌కి బయల్దేరతారు. వచ్చినవాళ్లు మెడికల్ కోసం ఆగుతారు, దానికి ఇంకో వారం దాకా పట్టొచ్చు. అంటే సెలవు పెట్టేటప్పుడు మీకు కావాల్సింది రెండు రోజులో పదిహేను రోజులో మీరే చెప్పలేరు.

మా పిన్ని కొడుకు రాయదుర్గంలో ఒక కంపెనీలో ఉన్నప్పుడు ఇక్కడే ఇరుక్కున్నాడు. బావమరిది పెళ్లి అని చెప్పి వారం సెలవు పెట్టి భోపాల్ వెళ్లాడు. రికమెండ్ అయ్యాడు. హాల్లోంచి బయటకి వచ్చి అమ్మకి ఫోన్ చేశాక, రెండో ఫోన్ టీమ్ లీడ్‌కి చేయాల్సి వచ్చింది.

"అన్నా, ఇంకో వారం సెలవు కావాలి."

"పెళ్లి మొన్ననే అయిపోయిందన్నావు కదా?"

ఇంక దాచడానికేముంది, ఉన్నదంతా చెప్పేశాడు. లీడ్ అభినందించాడు, సెలవూ ఇచ్చాడు. వాడు తిరిగొచ్చాక ఒక్క మాట అన్నాడట: "ఆర్మీకి అప్లై చేశావని దాచినందుకు నాకేం లేదు. లేని పెళ్లిని పుట్టించావు చూడు, ఇప్పుడు నువ్వు రేపు ఏ డేట్ చెప్పినా నమ్మాలా వద్దా అని ఆలోచించాల్సి వస్తుంది." మూడు నెలల తర్వాత వాడికి ఎర్లీ రిలీజ్ (నోటీసు పూర్తికాకుండానే వదిలిపెట్టడం) కావాల్సి వచ్చింది. ఆ మాట వాడికి అప్పుడు గుర్తొచ్చింది.

చెప్పకపోవడం మీ హక్కు. అబద్ధం చెప్పడం వేరే సంగతి. "పర్సనల్ పని మీద ఊరు వెళ్తున్నాను, వారం పడుతుంది, ఇంకో వారం పొడిగించాల్సి రావచ్చు" అంటే చాలు, అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. సిక్ లీవ్ మాత్రం వాడకండి. దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెట్టారని తేలితే ఉద్యోగంలోంచి తీసేయడానికి కంపెనీకి గట్టి కారణం దొరుకుతుంది. పైగా ఎస్‌ఎస్‌బీలో నింపే పీఐక్యూ ఫారంలో మీ ఉద్యోగం, జీతం రాయాలి. ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ "సెలవు ఎలా దొరికింది?" అని అడిగే అవకాశం ఉంది. ఆ కుర్చీలో కూర్చుని, ఆఫీసులో అబద్ధం చెప్పి వచ్చానని ఒప్పుకోవడమా, అక్కడ ఇంకో అబద్ధం ఆడడమా అన్న పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఇంకో చిన్న విషయం. పరీక్షలు జరిగేటప్పుడు అక్కడ ఫోన్లు తీసి పెట్టుకుంటారు. ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్నవాళ్లు "సెలవులో ఉన్నా ఫోన్‌లో దొరుకుతాను" అని మాట ఇచ్చి వెళ్లకండి. ఆ వారం ఆన్‌కాల్‌ని ముందే ఎవరితోనైనా మార్చుకోండి.

రికమెండ్ అయితే పని అయిపోయినట్టేనని ఇంట్లోవాళ్లు స్వీట్లు పంచుతారు. అప్పటికి సగం దారే అయింది. మెడికల్‌లో ముక్కు దూలం వంకర అనో, బరువు ఎక్కువ అనో తాత్కాలికంగా అన్‌ఫిట్ చేయడం మామూలే. అప్పీల్ మెడికల్‌కి 42 రోజుల గడువు ఉంటుంది, ఆలోపు చిన్న ఆపరేషన్ చేయించుకుని మళ్లీ వెళ్లేవాళ్లున్నారు. దానికి మళ్లీ సెలవు. ఫిట్ అయ్యాక కూడా ఆల్ ఇండియా మెరిట్ లిస్టు ఉంటుంది. సీట్లు పరిమితం కాబట్టి రికమెండ్ అయ్యి, మెడికల్ ఫిట్ అయ్యి, మెరిట్‌లో పేరు రాక ఆగిపోయేవాళ్లు ఉంటారు. మెరిట్ వచ్చాకే జాయినింగ్ లెటర్.

అందుకే ఒక మాట గట్టిగా చెప్తాను. జాయినింగ్ లెటర్ రాకుండా రాజీనామా చేయకండి. "నా మార్కులు బాగున్నాయి, మెరిట్ గ్యారంటీ" అని ముందే పేపర్లు పెట్టి, సీటు రాక, వెనక్కి తీసుకుంటానంటే కంపెనీ ఒప్పుకోక రోడ్డున పడ్డవాళ్లని చూశాను. రాజీనామా ఒకసారి ఆమోదించాక వెనక్కి ఇవ్వడం కంపెనీ దయ మీద ఉంటుంది.

మూడు నెలల నోటీసు, మూడు వారాల లెటర్

ఇక్కడే అసలు పీటముడి. మన ఐటీ కంపెనీల్లో నోటీసు పీరియడ్ రెండు మూడు నెలలు ఉండడం మామూలు. జాయినింగ్ లెటర్ మాత్రం కోర్సు మొదలవడానికి కొద్ది వారాల ముందే రావొచ్చు. లెటర్ వచ్చాకే పేపర్లు పెట్టాలంటే నోటీసు పూర్తి కాదు. నోటీసు పూర్తి చేయాలంటే లెటర్ కంటే ముందే పేపర్లు పెట్టాలి. రెండూ కుదరవు.

దీన్ని విప్పే మార్గం నాకు తెలిసి ఒక్కటే. రాజీనామాని, చెప్పడాన్ని వేరు చేయాలి. చెప్పడం ముందు, రాజీనామా తర్వాత. ఆ మధ్యలో ఉన్న రెండు మూడు నెలల్లో మీ పని ఇంకొకరికి అప్పజెప్పడం మొదలవ్వాలి. లెటర్ వచ్చేసరికి కంపెనీకి మీరు లేకపోతే ఆగిపోయే పని ఏదీ ఉండకూడదు. అలా ఉంటే మూడు నెలల నోటీసుని మూడు వారాలకి తగ్గించడానికి మేనేజర్‌కి అభ్యంతరం ఉండదు. నోటీసు పీరియడ్ ఉన్నదే హ్యాండోవర్ కోసం.

దానికి ఒప్పుకోకపోతే బైఅవుట్, అంటే మిగిలిన నోటీసుకి డబ్బు కట్టి బయటపడడం. మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. మిగిలిన నోటీసు రోజులకి బేసిక్ జీతం కట్టమన్నారా, మొత్తం గ్రాస్ జీతం కట్టమన్నారా చూడండి. తేడా చాలా ఉంటుంది. నెలకి 75,000 గ్రాస్, అందులో 30,000 బేసిక్ అనుకుందాం. రెండు నెలల నోటీసు తక్కువైతే బేసిక్ లెక్కన 60,000, గ్రాస్ లెక్కన లక్షా 50 వేలు. ఎస్‌ఎస్‌బీలో రికమెండ్ అయిన రోజు నుంచే ఆ మొత్తం పక్కన పెట్టడం మొదలుపెట్టండి. మూడు వారాల టెన్షన్‌లో అంత డబ్బు పుట్టదు. "బైఅవుట్ యాజమాన్యం ఇష్టం" అన్న లైన్ కొన్ని లెటర్లలో ఉంటుంది. అది ఉంటే డబ్బున్నా సరిపోదు, ముందుగా మాట్లాడుకోవడం తప్పనిసరి.

చేరినప్పుడు తీసుకున్న జాయినింగ్ బోనస్, కంపెనీ ఖర్చుతో చేసిన ట్రైనింగ్‌కి రాసిచ్చిన బాండు షరతులు కూడా ఆ కాగితాల్లోనే చూసుకోండి. "ఆర్మీకి వెళ్తే బాండు చెల్లదు" అని చాలామంది అనుకుంటారు. ప్రైవేటు కంపెనీ బాండుకి అలాంటి మినహాయింపేదీ చట్టంలో లేదు. పైగా 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్ల కనీస సర్వీసు, అది పూర్తి చేయకపోతే రెండు లక్షలు అన్న షరతు చెల్లుతుందని చెప్పింది. కాబట్టి బాండు ఉంటే ఆ డబ్బు కట్టాల్సి రావచ్చనే లెక్కేసుకోండి, మాఫీ చేస్తే సంతోషం.

ఇంత చేసి ఆ రిలీవింగ్ లెటర్ ఎందుకు అంటారా? షార్ట్ సర్వీస్ అంటే పదేళ్లు, కావాలంటే ఇంకో నాలుగేళ్లు. ముప్పై అయిదు దాటాకో నలభై దగ్గర్లోనో మళ్లీ ఇదే ఊరికి, బహుశా ఇవే కంపెనీలకి వస్తారు. అప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో "అబ్‌స్కాండెడ్" (చెప్పకుండా పారిపోయాడు) అని రావడం మీరు చేసిన సర్వీసుకి తగిన మర్యాద కాదు.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది

ఇంటర్నెట్‌లో వెతికితే "సైన్యంలో చేరితే మీ ఉద్యోగం మీకోసం ఉంచాలి, తిరిగొచ్చాక ఇవ్వాలి" అని కనిపిస్తుంది. అది అమెరికా సంగతి. అక్కడ 1994లో యూసెరా అనే చట్టం చేశారు. సైనిక సేవకి వెళ్లిన ఉద్యోగిని, మొత్తం సేవ మామూలుగా ఐదేళ్లు మించకపోతే, యజమాని తిరిగి పనిలోకి తీసుకోవాలి. సైన్యంలో చేరుతున్నాడన్న కారణంతో వివక్ష చూపకూడదు. హైదరాబాద్‌లో అమెరికా కంపెనీలు ఎక్కువ కాబట్టి, వాటి హ్యాండ్‌బుక్‌లో "మిలిటరీ లీవ్" అనే పేజీ చూసి మన పిల్లలు అది తమకీ వర్తిస్తుందనుకుంటారు. ఆ పేజీ అక్కడి ఉద్యోగుల కోసం, అక్కడి చట్టం కోసం రాసింది. ఇండియా పాలసీ విడిగా ఉంటుంది, అది అడిగి తెప్పించుకోండి.

ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లో రెగ్యులర్‌గానో షార్ట్ సర్వీస్‌లోనో చేరే ప్రైవేటు ఉద్యోగికి మన దేశంలో అలాంటి రక్షణ లేదు. వెళ్లడం అంటే రాజీనామా చేసి వెళ్లడమే. మరి చెప్పినందుకు తీసేస్తే? తెలంగాణ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 1988 ప్రకారం ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తొలగించకూడదు. ఇది కొంత ఊరట. కానీ నిజంగా జరిగేది తొలగించడం కాదు. ఆన్‌సైట్ లిస్టులోంచి పేరు జారిపోతుంది, కొత్త ప్రాజెక్టు ఇంకొకరికి వెళ్తుంది, ప్రమోషన్ వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. వీటి మీద ఏ ఆఫీసులోనూ కేసు వేయలేరు. ముందే చెప్పడానికి పిల్లలు భయపడడంలో తప్పేమీ లేదని నేను అనేది ఇందుకే.

ఒక్క చోట మాత్రం చట్టం గట్టిగా నిలబడుతుంది. టెరిటోరియల్ ఆర్మీ. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూనే, పిలిచినప్పుడు యూనిఫాం వేసుకునే పద్ధతి అది. 18 నుంచి 42 ఏళ్ల వాళ్లు అర్హులు, సొంత సంపాదన ఉండడం అక్కడ షరతు. మహేంద్ర సింగ్ ధోనీకి 2011లో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది ఇందులోనే. టెరిటోరియల్ ఆర్మీ చట్టం, 1948లోని 7ఏ సెక్షన్, సైనిక సేవకి పిలుపు అందుకుని వెళ్లిన ఉద్యోగిని తిరిగి పనిలోకి తీసుకోవడం యజమాని బాధ్యత అంటుంది. ఇది కాగితం మీది మాటే అనుకోవద్దు. 2025 మేలో సరిహద్దులో ఉద్రిక్తత పెరిగినప్పుడు, టెరిటోరియల్ ఆర్మీని పిలిపించుకునే అధికారాన్ని కేంద్రం ఆర్మీ చీఫ్‌కి ఇచ్చింది. ఇందులో చేరాలనుకునేవాళ్లు మాత్రం యజమానికి అప్లికేషన్ దశలోనే చెప్పాలి. ఉద్యోగం మానరు కాబట్టి, ఏటా శిక్షణకి వెళ్లి వస్తుంటారు కాబట్టి, ఆ సంస్థ సహకారం ఏళ్ల తరబడి కావాలి.

ప్రభుత్వ ఉద్యోగులు, బ్యాంకులు, ఈసీఐఎల్, బీహెచ్‌ఈఎల్ లాంటి సంస్థల్లో ఉన్నవాళ్లకి దాచుకునే వెసులుబాటు లేదు. సీడీఎస్‌కి అప్లై చేసే ప్రభుత్వోద్యోగి తన ఆఫీసు అధిపతికి రాతపూర్వకంగా తెలియజేశానని హామీ ఇవ్వాలి. అనుమతి ఇవ్వడం లేదని ఆ శాఖ యూపీఎస్సీకి రాస్తే అభ్యర్థిత్వమే రద్దు కావచ్చు. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఫైలు ఎన్ని టేబుళ్లు తిరుగుతుందో మీకే తెలుసు, నోటిఫికేషన్ రాకముందే కదపండి.

ఇక అమీర్‌పేట షాపుల్లో, గోదాముల్లో, డెలివరీ పనుల్లో ఉండి అగ్నివీర్‌కి ప్రయత్నించే కుర్రాళ్లది వేరే బాధ. వాళ్లకి నోటీసు పీరియడూ ఉండదు, అపాయింట్‌మెంట్ లెటరూ ఉండదు. వాళ్ల మెడకి పడే ఉచ్చు ఒరిజినల్ సర్టిఫికెట్లు. పనిలో చేరేటప్పుడు పదో తరగతి మెమో, ఇంటర్ మెమో యజమాని దగ్గర పెట్టి ఉంటారు, కొంత అడ్వాన్స్ తీసుకుని ఉంటారు. ఆన్‌లైన్ రాతపరీక్ష పాసై, సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసు ర్యాలీకి పిలిచినప్పుడు ఒరిజినల్స్ కావాలి. అప్పుడు వెళ్లి అడిగితే "అడ్వాన్స్ తీర్చి తీసుకుపో" అంటారు. తమ్ముళ్లూ, పరీక్ష రాసే ముందే అడ్వాన్స్ తీర్చేయండి. ఇంకేదైనా కారణం మీద ఒరిజినల్స్ ఇంటికి తెచ్చేసుకోండి. ఇవ్వనంటే పెద్ద మనిషినెవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి. అగ్నివీర్ నాలుగేళ్లే, ఆ తర్వాత కొనసాగించేది 25 శాతం వరకే అన్నది కూడా గుర్తుంచుకుని, వదిలి వెళ్లే చోట మాట చెడకుండా చూసుకోండి.

ఎవరికి, ఏ మాటల్లో

ఐటీ అబ్బాయి దగ్గరికే వద్దాం. నా లెక్క ప్రకారం చెప్పాల్సిన సమయం మెడికల్ ఫిట్ అని తేలిన వారం. అప్పటికి అవకాశం నిజమైంది, కోర్సుకి ఇంకా సమయం ఉంది. అంతకంటే ముందే చెప్పాల్సిన సందర్భం ఒకటుంది. మీరు ఉంటారన్న నమ్మకంతో ఎవరైనా పెద్ద నిర్ణయం తీసుకోబోతుంటే ఆగకండి. ఆన్‌సైట్‌కి మీ పేరు పంపుతున్నారు, కొత్త టీమ్‌కి మిమ్మల్ని లీడ్ చేస్తున్నారు, రిటెన్షన్ బోనస్ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. అప్పుడు రికమెండ్ అయి ఉంటే మెడికల్ దాకా ఆగకుండా చెప్పెయ్యాలి. సంతకం పెట్టి మూడు నెలలకి వెళ్లిపోతే మీ మీద పందెం కాసిన మనిషి నష్టపోతాడు.

ముందు ఇంట్లో చెప్పండి. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడయ్యాక మన దగ్గర చాలా ఇళ్లలో ఆర్మీ అనగానే గర్వం, భయం రెండూ ఒక్కసారే కలుగుతాయి. అమ్మానాన్నలకి ఈ సంగతి మీ కొలీగ్ వాళ్ల అమ్మ ద్వారా తెలిస్తే ఆ గొడవ సర్దడానికే నెల పడుతుంది.

ఆఫీసులో మొదట మేనేజర్‌కి, అదీ మెయిల్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని. టీమ్ గ్రూపుల్లో, క్యాంటీన్‌లో ముందే పాకనివ్వకండి. మాటలు ఇలా ఉంటే చాలు: "అన్నా, ఆర్మీ టెక్నికల్ ఎంట్రీకి సెలక్షన్ బోర్డులో రికమెండ్ అయ్యాను, మెడికల్ కూడా అయిపోయింది. మెరిట్ లిస్టు ఇంకా రాలేదు. వస్తే అక్టోబర్ కోర్సుకి వెళ్తాను, రాకపోతే ఇక్కడే ఉంటాను. నేను రిజైన్ చేయట్లేదు. కానీ లెటర్ వచ్చాక మూడు నెలలు టైమ్ ఉండకపోవచ్చు, అందుకని నా మాడ్యూల్ ఇప్పటి నుంచే ఇంకొకరికి నేర్పిస్తాను." ఇందులో ఉన్నది, లేనిది, ఎప్పటికి తేలుతుంది, నావల్ల మీకు ఇబ్బంది రాకుండా ఏం చేస్తాను అన్నవన్నీ ఉన్నాయి. "రిజైన్ చేయట్లేదు" అన్న ముక్క మర్చిపోవద్దు. మాట్లాడాక ఆ రోజే నాలుగు లైన్ల మెయిల్ పెట్టి, అందులోనూ అది రాజీనామా కాదని రాయండి. ఆర్మీకి వెళ్తానన్న నోటిమాటనే రిజిగ్నేషన్‌గా సిస్టమ్‌లో ఎక్కించిన ఉదంతం ఒకటి నా ఎదుటే జరిగింది.

హెచ్‌ఆర్‌కి జాయినింగ్ లెటర్ వచ్చాక, ఆ కాపీ జతచేసి రాజీనామాతో పాటు చెప్పండి. కావాల్సిన రిలీవింగ్ తేదీ స్పష్టంగా అడగండి. దేశభక్తిని బేరంలోకి తేవద్దన్నది నా అభిప్రాయం. "దేశం కోసం వెళ్తుంటే నోటీసు అడుగుతారా" అంటే ఎదుటివాళ్లు బిగుసుకుంటారు. వాళ్ల క్లయింట్ గడువు వాళ్లకి నిజమైన సమస్యే. మీరు అడగకుండానే సర్దుబాటు చేసే మేనేజర్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, ఒక్కోసారి కేక్ కట్ చేసి మరీ పంపిస్తారు.

డబ్బు సంగతులు ముందే చూసుకోండి. శిక్షణలో నెలకి 56,100 స్టైపెండ్ వస్తుంది. లక్ష జీతం మీద తీసుకున్న కారు లోన్, పర్సనల్ లోన్ ఈఎంఐలు దాంతో నడుస్తాయా? ఆర్మీ ఆఫీసర్లకి ఈపీఎఫ్ ఉండదు, వాళ్ల ఫండ్ వేరు. కాబట్టి మీ పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్‌లో కంపెనీ ఎగ్జిట్ డేట్ ఎక్కించిందో లేదో వెళ్లే ముందే చూసుకోండి, అకాడమీలో దిగాక ఆ తీరిక ఉండదు. ఐదేళ్లు నిండి ఉంటే గ్రాట్యుటీ అడగడం మర్చిపోవద్దు. అన్నిటికంటే ముఖ్యం అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్. కంపెనీ గ్రూప్ పాలసీలో వాళ్లుంటే మీ ఆఖరి పనిదినంతోనే అది ఆగిపోతుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లకి కొత్త పాలసీలో వెయిటింగ్ పీరియడ్ పడుతుంది. గ్రూప్ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో చివరి నెలలోనే అడగండి.

శిక్షణ మధ్యలో వెనక్కి రావాల్సి రావడం కూడా జరిగే విషయమే. గాయం వల్లనో, సొంత నిర్ణయం వల్లనో వచ్చేవాళ్లున్నారు. వ్యక్తిగత కారణాలతో మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టించుకుంటారు. పాత కంపెనీ తలుపు తెరిచి ఉంచిందా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది. వెళ్లే ముందు "ఏడాదిలోపు తిరిగి రావాల్సి వస్తే రీహైర్‌కి అర్హుడినేనా" అని హెచ్‌ఆర్‌ని అడిగి, ఆ జవాబు మెయిల్‌లో తీసుకోండి.

మేనేజర్‌కి చెప్పాక మెరిట్‌లో పేరు రాకపోతే, ఆ సంగతీ తేలిన రోజే చెప్పండి. బాధగానే ఉంటుంది. చెప్పకుండా ఊరుకుంటే మాత్రం మీరు రేపో ఎల్లుండో వెళ్లిపోయే మనిషిగానే వాళ్ల లెక్కలో మిగిలిపోతారు. అప్రైజల్ సీజన్ దాటిపోతుంది, మంచి పని పక్కవాళ్లకి వెళ్తుంది. 27 నిండలేదు, మళ్లీ ప్రయత్నిస్తాను అంటే అదీ చెప్పండి. తర్వాతి కోర్సు నోటిఫికేషన్ ఆరు నెలల్లో వస్తుంది, కాబట్టి సెలవులు అన్నీ సంక్రాంతికే వాడేయకుండా పదిహేను రోజులు మిగుల్చుకోండి.